పెరటి సందేహాలు: అడీనియం మొలకలు ఎందుకు ఒరిగిపోతున్నాయి?

ప్రశ్న: ఆగస్టులో 20 అడీనియం (ఎడారి గులాబీ) గింజలు కొబ్బరి పొట్టులో నాటాను. 12 మొలిచాయి. రోజూ నీళ్లు చల్లుతున్నా రెండాకులు విచ్చుకున్నాక ఒక్కొక్కటే మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోతున్నాయి. లోపం ఎక్కడుందండీ? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రోజూ చల్లే ఆ నీళ్లలోనే ఉందమ్మా. మొలిచేదాకా ఈ గింజకు తడి ఆరకూడదు. మొలిచాక ఆ తడే దాన్ని చంపుతుంది. సహారాకు దక్షిణాన, అరేబియాలో రాళ్ల నేలల్లో పెరిగే మొక్క ఇది. ఎప్పుడో పడిన వాన నీటిని ఉబ్బిన మొదట్లో దాచుకుని బతుకుతుంది. మీరు చెప్పింది నారుకుళ్లు తెగులు. గాలి ఆడని తడి మట్టిలో శిలీంధ్రం పెరిగి లేత మొదలును పట్టేస్తుంది. మబ్బు పట్టిన ఆగస్టు, నీరు వదలని ఉత్త కొబ్బరి పొట్టు, రెండూ దానికి కలిసొచ్చాయి.

ఈసారి ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో నాటండి. రాత్రి కూడా వెచ్చగా ఉండాలి. ముతక ఇసుక 2 పాళ్లు, రెండు మూడుసార్లు కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరి పొట్టు 1 పాలు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు) 1 పాలు కలపండి. పెర్లైట్ దొరక్కపోతే శనగగింజంత ఇటుక ముక్కలు చాలు. పశువుల ఎరువు ఇప్పుడే వద్దు. మిశ్రమం మీద మరిగే నీళ్లు పోసి, చల్లారనిచ్చి వాడండి.

గింజలను గోరువెచ్చని నీళ్లలో మూడు నాలుగు గంటలు నానబెట్టి, అడ్డంగా పడుకోబెట్టి, అర సెంటీమీటరు మించకుండా ఇసుక కప్పండి. లోతుగా గుచ్చితే కుళ్లిపోతాయి. తాజా గింజైతే వారం, పది రోజుల్లో మొలుస్తుంది. పాతబడేకొద్దీ మొలక శాతం పడిపోతుంది కాబట్టి ఏ నెలలో కోసిన గింజో అడిగి కొనండి.

తడి ఆరకుండా పైన ప్లాస్టిక్ కప్పి ఉంటే, మొలక కనిపించగానే తీసేసి పొద్దుటెండలో పెట్టండి. ఇక పైమట్టి పొడిగా అయితేనే నీళ్లు, అదీ ఉదయం పూట. కుండీ కింద పళ్లెంలో నీరు నిలవనివ్వద్దు. మొలిచినప్పటి రెండాకులు కాక, నాలుగైదు అసలు ఆకులు వచ్చాక విడివిడి కుండీల్లోకి మార్చి, రెండు మూడు రోజులు నీళ్లు ఆపండి. తెగిన వేళ్లు ఆరాలి. వానాకాలంలో చూరు కిందికి చేర్చండి.

ప్రశ్న: ముద్ద పువ్వు మొక్క గింజ వేస్తే ముద్ద పువ్వే వస్తుందా? కొమ్మ నాటితే తేలిక కదా?

జవాబు: వస్తుందని నమ్మకం లేదు. సంకర రకాల గింజల్లో రంగు, రేకలు రెండూ మారిపోవచ్చు. నర్సరీల వాళ్లు అంటుకట్టేది అందుకే. కొమ్మ నాటితే పువ్వు తల్లిదే వస్తుంది గానీ మొదలు అంత అందంగా ఉబ్బదు. ఆ బొద్దు మొదలు కావాలంటే గింజే దారి.

ప్రశ్న: పెద్ద మొక్క మొదలు నొక్కితే మెత్తగా ఉంది. బతుకుతుందా?

జవాబు: కుండీలోంచి తీసి చూడండి. తొక్క ముడతలు పడి, లోపల తెల్లగా ఉంటే దాహం. నీళ్లు పోస్తే సరి. గోధుమరంగులో వాసన వేస్తే కుళ్లు. శుభ్రమైన కండ కనిపించేదాకా పదునైన కత్తితో కోసి, కోతకు గంధకం పొడి అద్ది, వారం పది రోజులు నీడలో ఆరబెట్టి పొడి ఇసుకలో నాటండి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఇది గన్నేరు కుటుంబం, పాలు విషం. ఆఫ్రికాలో బాణాల మొనలకు పూసేవారు.