ఎకోలో కనిపించే జావా హోమ్ సుడో స్క్రిప్టుకు ఎందుకు దొరకదు?

బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే బాష్ చదివే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసిన జావా_హోమ్ (జావా ఉన్న చోటు చెప్పే వేరియబుల్) విలువ ‘సుడో ఎకో $జావా_హోమ్’ అన్నప్పుడు సరిగానే వస్తోందనీ, ఇన్‌స్టాల్ స్క్రిప్టును సుడోతో (అంటే రూట్ అనే నిర్వాహక ఖాతా హక్కులతో) నడిపితే మాత్రం ఆ వేరియబుల్ లేదంటోందనీ మీరు రాశారు. మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తున్నది ఆ ఎకోనే (ఇచ్చిన మాటను తెరపై చూపే కమాండ్). డాలర్ గుర్తు ఉన్న పేరును మీ షెల్ (మీరు కొట్టిన కమాండును చదివి నడిపే ప్రోగ్రాం), సుడోను పిలవకముందే, మీ ఖాతాలోని విలువతో మార్చేస్తుంది. కాబట్టి ఎకోకు అందేది వేరియబుల్ కాదు, అప్పటికే విప్పేసిన పాఠం.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్నే. ప్రాక్సీ వెనుక ఉన్న ఒక ఉబుంటు సర్వరులో కర్ల్ (వెబ్ నుంచి డేటా తెచ్చే కమాండ్) చక్కగా పనిచేస్తుండగా, సుడోతో ఆప్ట్ అప్‌డేట్ (ప్యాకేజీల జాబితాను తాజాచేసేది) మాత్రం చాలాసేపు ఆగి, కనెక్షన్ కుదరలేదని చెప్పేది. ఎకోలో ప్రాక్సీ చిరునామా కనబడేసరికి అది చేరుతోందని నమ్మి, మధ్యాహ్నం దాకా ఫైర్‌వాల్ చూసేవారితో వాదించాను (పాపం, వారి తప్పేమీ లేదు). చివరికి ‘సుడో ప్రింట్‌ఎన్‌వీ హెచ్‌టీటీపీ_ప్రాక్సీ’ అని కొడితే ఒక్క అక్షరమూ రాలేదు. ప్రింట్‌ఎన్‌వీకి డాలర్ లేకుండా పేరు ఇస్తాము గనుక, అది తనకు అందిన ఎన్విరాన్‌మెంట్‌లోనే (వేరియబుళ్ల మూటలోనే) వెతుకుతుంది.

సుడోలో ఎన్‌వీ_రీసెట్ అనే అమరిక మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. అది టర్మ్ (టెర్మినల్ రకం చెప్పేది) వంటి కొన్నింటిని మాత్రం ఉంచి తక్కినవాటిని తుడిచేస్తుంది. ఉబుంటులోనైతే పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) స్థానంలో, సుడో నియమాలుండే సుడోయర్స్ ఫైలులోని సెక్యూర్_పాత్ వచ్చి కూర్చుంటుంది. మీ అవసరానికి ‘సుడో --ప్రిజర్వ్-ఎన్‌వీ=జావా_హోమ్’ అని రాసి, ఆ తరువాత స్క్రిప్టు పేరు ఇవ్వండి. ఇలా పేరు పెట్టి కోరే వీలు సుడో 1.8.21 నుంచి ఉంది. అయితే మీ ఖాతాకు సుడోయర్స్‌లో ఆ అనుమతి ఉండాలి, అన్ని కమాండ్లకూ హక్కు ఉన్నవారికి అది ఎలాగూ ఉంటుంది. మొత్తం వేరియబుళ్లను ఉంచమనే మైనస్ పెద్ద ఈ (-E) కూడా పనిచేస్తుంది కానీ, మీ ఖాతాలోని చెత్తంతా రూట్‌కు మోసుకుపోవడం నాకు నచ్చదు. పైగా అది వాడినా సెక్యూర్_పాత్ అలాగే నిలుస్తుంది కనుక, స్క్రిప్టులో జావాను పూర్తి దారితో పిలవడమే మేలు. రోజూ చేసే పని అయితే సుడోయర్స్‌ను విసుడోతో (దాన్ని దిద్దే కమాండ్) తెరిచి, ఉంచవలసిన వేరియబుళ్ల జాబితా అయిన ఎన్‌వీ_కీప్‌లో జావా_హోమ్‌ను చేర్చండి.

వేరే ఖాతాలోకి మారే ఎస్‌యూ కమాండ్ తీరు దీనికి తలకిందులు. హైఫన్ లేకుండా పిలిస్తే హోమ్, షెల్ వంటివి మారినా మీ వేరియబుళ్లలో చాలామటుకు వెంట వస్తాయి. హైఫన్ పెడితే లాగిన్ అయినట్టే టర్మ్ వంటి ఒకటి రెండు తప్ప పాతవి పోయి, ఆ యూజర్ ప్రొఫైల్ చదవబడుతుంది.