అడగండి చెబుతాం: చూపుతో నడిచే తెర

ప్రశ్న: మజ్జిగౌరి దర్శనానికి వచ్చేవాళ్ల కోసం మా లాడ్జి ముందు బస్సుల వేళలు, గదుల వివరాలు చూపే 43 అంగుళాల టచ్ తెర పెట్టాం. చేతులకు పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు ఉంటాయి కదా, టచ్ ఊరికే మొండికేస్తోంది. చూపుతో పనిచేయిద్దామని కంప్యూటర్ ఆటలకు వాడే ఐ ట్రాకర్ (చూపు ఎటుందో పసిగట్టే పరికరం) తెచ్చాం. అదేమో ప్రతి మనిషినీ ముందు చుక్కలు చూడమంటోంది. ఈ క్యాలిబ్రేషన్ (ఒక్కొక్కరి కంటికీ పరికరాన్ని సరిచేసుకోవడం) లేకుండా కుదరదా?
– రాయగడ

జవాబు: కుదురుతుంది, కానీ ముందు తెర మార్చాలి. ఆ రకం ట్రాకర్లు సుమారు 27 అంగుళాల తెరల వరకే. మనిషి 50 నుంచి 95 సెం.మీ. లోపల నిలబడాలి. మీ తెర వెడల్పు 95 సెం.మీ. ఉంటుంది. 80 సెం.మీ. దూరం నుంచి దాని అంచు చూడాలంటే కన్ను 30 డిగ్రీలు తిరగాలి, అంత పక్కకు తిరిగిన కన్ను ట్రాకర్‌కు సరిగా అందదు. 24 అంగుళాల తెర పెట్టి, 70 సెం.మీ. దూరంలో నేల మీద పాదాల గుర్తు వేయండి.

ఇక చుక్కల సంగతి. ట్రాకర్ కంటి మీద ఇన్‌ఫ్రారెడ్ అనే, మనకు సరిగా కనపడని వెలుగు వేసి, నల్లగుడ్డు మీద మెరిసే బిందువుకూ కనుపాప మధ్యభాగానికీ ఉన్న ఎడం కొలుస్తుంది. దాంతో కనుగుడ్డు ఎటు తిరిగిందో తెలుస్తుంది. మనం నిజంగా చూసే గీత దానికి దాదాపు 5 డిగ్రీలు పక్కగా ఉంటుంది, అదీ మనిషికో రకం. 70 సెం.మీ. దూరంలో 5 డిగ్రీలంటే తెర మీద 6 సెం.మీ. తేడా. ఆ తేడా తీసేయడానికే క్యాలిబ్రేషన్.

దారిన పోయేవాళ్లకు అది పెట్టలేం కాబట్టి, ఎక్కడ చూస్తున్నారని వెతకడం మానేసి, దేని వెంట చూపు కదులుతోందో చూడండి. 2013లో మెలోడీ విడాల్, ఆండ్రియాస్ బుల్లింగ్, హాన్స్ గెలర్సన్ అనే పరిశోధకులు ‘పర్స్యూట్స్’ పేరుతో ప్రకటించిన పద్ధతి ఇది. తెలుగు, ఒడియా, హిందీ అని మూడు గుండ్రాలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ 5 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న వలయం వెంట, చుట్టుకు 3 సెకన్ల చొప్పున తిప్పండి. ఒకదానికొకటి 120 డిగ్రీలు వెనకగా ఉండాలి. గడచిన ఒకటి, ఒకటిన్నర సెకన్ల చూపు కదలికకూ ప్రతి గుండ్రం కదలికకూ పియర్సన్ సహసంబంధం (రెండు కదలికలు ఎంత కలిసి సాగుతున్నాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) లెక్కించండి, అడ్డానికి వేరు, నిలువుకు వేరు. రెండూ 0.8 దాటితే ఎంపిక అయినట్టు. చూపు మొత్తం 6 సెం.మీ. పక్కకు జరిగి ఉన్నా సహసంబంధం మారదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

చాలామంది బోల్తాపడేది గుండ్రాలకు బదులు అడ్డంగా మాత్రమే జరిగే బటన్లు పెట్టి. నిలువులో కదలిక సున్నా కాబట్టి లెక్కలో సున్నాతో భాగహారం వస్తుంది, ప్రోగ్రాం ఏదీ ఎంచుకోదు. రెండోది, కదిలే గుండ్రం మీద పొడుగాటి మాట రాయడం. చదివేటప్పుడు కన్ను సాఫీగా జారదు, గెంతుతుంది. ఒక్క మాట, పెద్ద అక్షరాలు, పక్కన వెంబడించడానికి ఒక ముదురు చుక్క చాలు. కనురెప్ప వేసిన క్షణాల కొలతలు తీసేయండి. మూడోవంతు కొలతలు పోతే ఆ విడత లెక్కే వేయొద్దు.

‘అర సెకను చూస్తే నొక్కినట్టు’ అనే పద్ధతి జోలికి వెళ్లకండి. ఊరికే చదువుతున్నవాడు కూడా ఏదో ఒకటి నొక్కేస్తాడు. ఈ చిక్కుకు పరిశోధకుడు రాబర్ట్ జేకబ్ 1990లోనే ‘మైడాస్ టచ్’ అని పేరు పెట్టాడు, ముట్టుకున్నదల్లా బంగారమైపోయే కథలోని రాజు పేరు మీద.

ప్రశ్న: మా దుకాణంలో ఇలాంటిదే ఉంది. పొద్దున బాగా పనిచేస్తుంది, మధ్యాహ్నం మూడు తర్వాత అసలు గుర్తుపట్టదు. కళ్లజోడు, కాటుక ఉన్నవాళ్లతో ఎప్పుడూ తంటానే.
– బరంపురం

జవాబు: మీ గుమ్మం పడమర వైపు ఉండి ఉండాలి. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, ట్రాకర్ వేసే చిన్న మెరుపు అందులో కలిసిపోతుంది. పైగా వెలుతురుకు కనుపాప చిన్నదవుతుంది, కళ్లు చికిలించడంతో రెప్ప దాన్ని కప్పేస్తుంది. తెరను ఉత్తరం వైపు తిప్పండి, లేదా మనిషి ముఖం మీద ఎండ పడకుండా పరదా కట్టండి. పాతకాలపు వేడి బల్బులు, ఎదురుగా వెలిగే దీపం, కర్పూర హారతి కూడా ఇదే పని చేస్తాయి. ఎల్ఈడీ ట్యూబులతో ఇబ్బంది లేదు.

కళ్లజోడుకు: అద్దం మీది ప్రతిబింబాన్ని ట్రాకర్ కంటి మెరుపు అనుకుంటుంది. ట్రాకర్‌ను తెర కిందే ఉంచి, వాలు కొద్దికొద్దిగా మార్చి చూడండి. పైన బిగిస్తే రెప్ప, వెంట్రుకలు అడ్డొస్తాయి. దట్టమైన కాటుక గీతను కొన్ని సాఫ్ట్‌వేర్లు కనుపాప అంచుగా పొరబడతాయి. దానికి పరికరంలో మందు లేదు, పక్కనే రెండు మామూలు బటన్లు పెట్టండి.

ప్రశ్న: ఆ వెలుగు పిల్లల కళ్లకు హాని కాదా? ఫొటోలు దాచుకుంటారా?
– పర్లాకిమిడి

జవాబు: ఐఈసీ 62471 (దీపాల వెలుగు కంటికి హాని చేయకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం పరీక్షించిన పరికరమైతే భయం అక్కర్లేదు. చాలాసేపు చూసినా కంటి దగ్గర చదరపు సెం.మీ.కు 10 మిల్లీవాట్లు దాటకూడదన్నది హద్దు. సొంతంగా ఎల్ఈడీలు అతికించిన బోర్డులతోనే జాగ్రత్త. ఆ వెలుగు కంటికి సరిగా కనపడదు కాబట్టి కనుపాప ముడుచుకోదు, చూపు తప్పించుకోవాలనీ అనిపించదు. ఫొటోలు దాచాల్సిన అవసరం ఈ పనికి లేనే లేదు. కెమెరా ఉందని తెలుగులో, ఒడియాలో బోర్డు పెట్టమని అడగండి.

ప్రశ్న: మా కాలేజీ ప్రాజెక్టుకు మామూలు వెబ్‌క్యామ్ ఒక్కటే ఉంది. ఏమైనా చేయగలమా?
– గుణుపురం

జవాబు: ఎడమ, మధ్య, కుడి – ఈ మూడు చూపులు పట్టుకోవచ్చు. కనుపాప రెండు కంటి కొనలకూ ఎంతెంత దూరంలో ఉందో, ఆ నిష్పత్తి చూడండి. రెండు కళ్లూ ఒకే మాట చెప్పినప్పుడే లెక్కలోకి తీసుకోండి. తల తిప్పితే నిష్పత్తి చెడుతుంది, కాబట్టి ముఖం నేరుగా లేనప్పుడు వదిలేయండి. వెనక గుంపు ఉంటే, రెండు కళ్ల మధ్య పిక్సెళ్లు ఎక్కువగా ఉన్న ముఖాన్నే ఎంచుకోండి, దగ్గరున్నది సాధారణంగా అదే. అంతకుమించి, ఏ అక్షరం చూస్తున్నారో చెప్పమని దాన్ని అడగొద్దు.