సంక్రాంతి దాటాకే కత్తి పట్టు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఉదయగిరి పొలంలో మూడెకరాలు వెదురు పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరో ఎకరాకు ఇన్ని లక్షలని కాగితం మీద లెక్క వేసిచ్చారట గదా. ఆ కాగితం పక్కన పెట్టి, ముందు కొనేవాళ్లెవరో చూసుకో. ఒంగోలు వైపు సుబాబుల్ వేసిన మనవాళ్లు చెట్టు పెరిగాక ధర కోసం ఎన్నాళ్లు కూర్చున్నారో నీకు తెలియంది కాదు. నేను వాళ్లలా పేపరు మిల్లును నమ్ముకోలేదు. పొదలకూరు నిమ్మతోటల్లో కాపు బరువుకు వంగే కొమ్మలకు పోటు కర్రలు కావాలి, కూరగాయల పందిళ్లకు కావాలి, మేదరవాళ్లకు కావాలి. బుట్టలల్లే వాళ్లు బద్ద చక్కగా చీలే లేత బొంగు అడుగుతారు. నిచ్చెనకు, పందిరికి ముదురుదే కావాలి.

ముళ్ల వెదురు జోలికి పోవద్దు. బొంగు లావుగానే వస్తుంది కానీ కూలీలు పొదలోకి దూరరు. గట్టు మీద పెట్టి నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నా. మన మెట్టకు ముళ్లు లేని, లోపల బోలు తక్కువగా ఉండే గట్టి రకం మేలు. వరుసల మధ్య 5 మీటర్లు, మొక్కల మధ్య 4 మీటర్లు వదిలితే ఎకరాకు 200 మొక్కలు పడతాయి. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పకూడదు, కానీ నీళ్లు నిలవకూడదు. పొద ఎదిగేదాకా మధ్యలో కందో, ఉలవో చల్లుకో. నాలుగైదేళ్ల దాకా డబ్బు కనపడదు, ఆ మాట ఇంట్లో ముందే చెప్పిపెట్టు.

ఇక అసలు సంగతి కొట్టడం. బొంగు నేలలోంచి ఏ లావున లేస్తుందో అదే దాని లావు. ఎత్తు కూడా మొదటి నాలుగైదు నెలల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత పెరిగేది గట్టిదనం ఒక్కటే. అందుకని లావు చూసి కొట్టేవాడు మోసపోతాడు. ఈ ఏటి బొంగుకు కణుపుల దగ్గర తొడుగులు అంటుకునే ఉంటాయి, ఒంటి మీద తెల్లటి పొడి ఉంటుంది. మూడేళ్లు దాటినదానికి ఆ నిగనిగ పోయి బూడిదరంగు మచ్చలు వస్తాయి, కొడితే గట్టిగా మోగుతుంది. నేనైతే వయసు తెలిసేలా కొత్త బొంగులకు ఏడాదికో రంగు పెయింటు చుక్క పెడతా. ఒకసారి ఆ చుక్కలు పెట్టకముందు, గుత్తకు తీసుకున్నవాడు నేను ఊళ్లో లేనప్పుడు పొదలన్నీ నున్నగా కొట్టేసుకుపోయాడు. మరుసటేడు లేచినవి వేలంత సన్నం. దుంపకు బలం పెట్టేది ఆకే గదా, ఆకు లేకపోతే అది ఏం చేస్తుంది? మూడేళ్లు పట్టింది కోలుకోవడానికి.

కాబట్టి ఒకటి, రెండేళ్లవి వదిలెయ్యి. మేదరవాళ్లకు లేతవి కావాలంటే పొదకు ఒకటో రెండో, అంతే. పాతవి నడిమధ్యన ఉంటాయి, కొత్తవి అంచున లేస్తాయి. ఒక పక్క దారి చేసుకుని లోపలివి తియ్యి. నేలకు జానెడు ఎత్తులో, కణుపు పైనే ఆనించి కొట్టు. కణుపు పైన గొట్టం మిగిలితే వాన నీళ్లు నిలిచి మోడు కుళ్లుతుంది. వానల్లో మాత్రం కత్తి పట్టొద్దు. అప్పుడు లేత పిలకలు విరిగిపోతాయి. మనకు వానలు డిసెంబరు దాకా ఉంటాయి గనక సంక్రాంతి దాటాకే కోత. అమావాస్యకు కొడితే పుచ్చు పట్టదంటారు. నేనూ అమావాస్యకే కొడతా, అయినా కొట్టిన బొంగుల్ని కుంటలో మూడు వారాలు నానేస్తా. నా నమ్మకం నీళ్ల మీదే.

అడంగల్లో, అదే ఊరి పంట లెక్కల రికార్డులో, వెదురని తప్పక రాయించుకో. 2017లో చట్టం మార్చి, అడవి బయట పెంచిన వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు. కానీ నీ పొలం పక్కనే అడవి, లోడు ఎక్కడిదని దారిలో అడిగితే కాగితం చేతిలో ఉండాలి.

పండగకు రా. కనుమ దాటిన వారంలో ఇక్కడ కోత పెట్టుకుంటున్నా. పాత చొక్కా తెచ్చుకో, గట్టు మీది ముళ్ల వెదురు కూడా ఈసారి నీ చేతే కొట్టిస్తా.