భీమిలి షూటింగుకు వెళ్లే ముందు

బుజ్జీ,

స్క్రిప్టు రెండుసార్లు చదివాను. తాత పడవలో ఆ పిల్ల తెల్లవారుజామున నడిసముద్రంలో ఒక్కతే కూర్చునే సీను నాకు చాలా నచ్చింది. పొద్దున్న భీమిలి ఒడ్డున, మధ్యాహ్నం మీ కాలేజీ హాల్లో గ్రీన్ మ్యాట్ మీద (అదే, తర్వాత సముద్రం దృశ్యం చేర్చడానికి వెనక కట్టే ఆకుపచ్చ గుడ్డ), మొత్తం ఒక్కరోజులో తీసేస్తామన్నావు. తీయొచ్చు. కాకపోతే మ్యాట్ పని హాల్లో మొదలుకాదమ్మా, పొద్దున్న ఇసుకలోనే మొదలవుతుంది.

నేను కెమెరా అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఒక సినిమాకి సముద్రం ప్లేటు, అంటే మ్యాట్ స్థానంలో చేర్చే మనుషుల్లేని సముద్రం షాటు, జెట్టీ మీద నిలబడి, కిందికి చూస్తూ తీశాం. నెల తర్వాత మ్యాట్ ముందు కెమెరాని నేలకి దగ్గరగా పెట్టి, హీరోయిన్‌ని పైకి చూస్తూ తీశాం. కొలతలు ఎవరూ రాసుకోలేదు. రెండూ కలిపాక ఆ అమ్మాయి నీళ్లలోకి జారిపోతున్నట్టు కనిపించింది. రెండు రోజుల కష్టం పక్కన పడేశారు. రాసుకోవాల్సింది నేనే. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నీళ్లూ ఆకాశం కలిసే గీత ఎప్పుడూ లెన్సు ఎత్తులోనే ఉంటుంది. నీటి అంచున నాలుగడుగుల ఎత్తులో కెమెరా పెడితే, నీళ్ల మీద దగ్గరలో ఏమున్నా ఆ గీత దాన్ని నాలుగడుగుల దగ్గరే దాటుతుంది. అందుకని ప్లేటు తీసేటప్పుడు టేపు పట్టి ఎత్తు కొలువు. ఏ లెన్సు, ఎంత వంపు, ఎండ ఎటు నుంచి, గాలి ఎటు నుంచి, అన్నీ పెన్నుతో రాయించు. హాల్లో ఇవే అంకెలు మళ్లీ పెట్టండి. పడవ అడుగు నీటిమట్టం అనుకుని అక్కడి నుంచి కొలవండి.

జనవరిలో అక్కడ సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో సముద్రం మీదే పొడుస్తాడు. ఐదింటికల్లా ఒడ్డున ఉండండి. ఆ బంగారు వెలుగు ఎంతోసేపు ఉండదు, అందుకే ముందు ప్లేట్లు, తర్వాతే మనుషులు. ఒక్కో ప్లేటు కెమెరా కదలకుండా రెండు నిమిషాలైనా తియ్యి. కెరటాల హోరులో డైలాగు సరిగ్గా వినపడదు, కాబట్టి సీను అవ్వగానే పిల్లని పక్కకి తీసుకెళ్లి అవే మాటలు మళ్లీ రికార్డు చెయ్యి. ఉత్త హోరు కూడా ఒక నిమిషం పట్టు, హాల్లో తీసిన షాట్ల కింద అది కావాలి.

పోలీసుల అనుమతి ముందే తీసుకో. పడవల వాళ్లని ముందురోజే వెళ్లి కలువు. వేట నుంచి వచ్చే వేళ వాళ్లకి అన్నం పెట్టే వేళ. అడ్డం నిలబడకూడదు, ఆరేసిన వలల మీంచి ట్రైపాడు లాక్కెళ్లకూడదు. ‘బాబాయ్, ఈ పడవ పక్కన గంటసేపు తీసుకుంటాం’ అని నువ్వే అడుగు.

హాల్లో మ్యాట్ గుడ్డని ఇస్త్రీ చేసి, క్లిప్పులతో బిగించి లాగండి. ముడత ఉన్నచోట నీడ పడుతుంది, నీడ పడ్డచోట ఆకుపచ్చ ఇంకో రంగైపోతుంది. మ్యాట్‌కి వేరే లైట్లు, పిల్లకి వేరే లైట్లు పెట్టండి. మ్యాట్‌కీ పిల్లకీ మధ్య ఎనిమిది పదడుగులు వదలండి, లేదంటే ఆ పచ్చదనం భుజాల మీదా గెడ్డం కిందా అంటుకుంటుంది. ఆ పిల్లకి చిలకపచ్చ లంగా అని రాశావు చూడు, దాన్ని ఎర్రదిగా మార్చు. పచ్చది కట్టిస్తే లంగా ఉన్నచోట సముద్రం కనిపిస్తుంది. స్టీలు క్యారేజీ కూడా వద్దు, మ్యాట్ మొత్తం అందులో మెరుస్తుంది. సత్తు గిన్నె అయితే నయం.

సూర్యుడికి బదులు ఒక్క గట్టి లైటు, వీలైనంత దూరంగా, నారింజ జెలటిన్ కాగితం వేసి పెట్టండి. ఎదురుగా ఆ వెలుగు తిరిగి ముఖం మీద పడేలా థర్మాకోల్ షీటు చాలు. పడవ ముక్కని లారీ ట్యూబు మీద ఉంచి ఇద్దరు కుర్రాళ్లు మెల్లగా ఊపితే ఆమె ముఖం మీద వెలుగు నిజంగానే కదులుతుంది. పొద్దున్న గాలి ఎటు వీచిందో అటు నుంచే ఫ్యాను పెట్టండి. జుట్టు మరీ ఎగరనివ్వకండి, సన్నటి వెంట్రుకలు మ్యాట్ మీద విడిపోవు. కొబ్బరినూనె రాసి జడ వేయించు, చెవి దగ్గర ఒక్క పాయ వదిలితే చాలు.

కెమెరాలో సెకనుకి ఇరవై ఐదు ఫ్రేములు, షట్టరు సెకనులో యాభయ్యో వంతు పెట్టండి. అప్పుడు హాలు ట్యూబులైట్లు కెమెరాలో మిణుకుమనవు. ఎందుకైనా మంచిది, వాటిని ఆర్పేయండి.

ఒంటిగంటకల్లా అందరికీ భోజనం పెట్టు. ఐదింటికి ముందే లేచిన పిల్లలు, ఆకలి మీద తీసిన షాట్లో ఫోకస్ ఉండదు.

పొద్దున్న వాడిన కెమెరా మెమరీ కార్డులు మధ్యాహ్నం మళ్లీ వాడొద్దు. రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ప్లేటు మీద పిల్లని ఒక్క షాటైనా ల్యాప్‌టాప్‌లో కలిపి చూసే దాకా పడవని విప్పనివ్వకు. గీత ఎక్కడ పడిందో నాకు ఫోటో తీసి పంపు, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య