28 రాష్ట్రాలు చూపించాలంటే 3 లక్షల లోన్ తీసుకోవాలా? ముందు మీ పర్సులో నోట్లు వెనక్కి తిప్పండి

మల్కాజిగిరి నుంచి ఒకావిడ రాశారు, కొంచెం కుదించి పెడుతున్నా: "సార్, మా వారిది ప్రైవేట్ జాబ్, నాది స్కూల్లో అకౌంట్స్, ఇద్దరికీ కలిపి నెలకు 92 వేలు చేతికొస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 28 వేలు, ఇంటి ఖర్చు 41 వేలు, పిల్లలిద్దరి ఫీజులు ఏడాదికి 1,44,000, పాప పేరు మీద 3 వేల సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పొదుపు) ఉంది. 2,50,000 ఎఫ్‌డీ ఉంది. పాప ఈ జూన్‌లో ఆరో క్లాస్‌కి వస్తుంది, బాబు మూడో క్లాస్. సోషల్ బుక్‌లో ఇండియా మ్యాప్ చూసి అమ్మా ఇవన్నీ ఎప్పుడు చూస్తాం అని అడుగుతున్నారు. అస్సాం, మేఘాలయ, అరుణాచల్ తొమ్మిది రోజుల ప్యాకేజీ నలుగురికి 3 లక్షలు చెప్పారు, యాప్‌లో 3 లక్షల పర్సనల్ లోన్ ప్రీ అప్రూవ్డ్ అని చూపిస్తుంది. లోన్ తీసుకోమంటారా, ఎఫ్‌డీ తీసెయ్యమంటారా, లేకపోతే నా నాలుగు తులాల గాజులు పెట్టమంటారా?"

అమ్మా, మూడూ వద్దు. ట్రిప్పులు మాత్రం మానొద్దు, అది కూడా గట్టిగానే చెప్తున్నా, ఎందుకంటే ఈ వయసులో పిల్లలకి చూపించింది వాళ్ళకి జీవితాంతం గుర్తుంటుంది.

ముందు లోన్ సంగతి చూద్దాం. 3 లక్షలు, 16 శాతం వడ్డీ, మూడేళ్ళు అనుకుంటే ఈఎంఐ దాదాపు 10,550 పడుతుంది, అంటే మొత్తం కట్టేది 3,79,700 దాకా, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ఉంటే దాని మీద జీఎస్టీతో కలిపి ఇంకో 7 వేలు ముందే కట్ చేసుకుని ఇస్తారు. ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. 92 లోంచి 28, 41, ఫీజులకి నెలకు 12, సిప్ 3 తీసేస్తే మిగిలేది 8 వేలే. ఈఎంఐ ఏమో పదిన్నర వేలు. అంటే మొదటి నెల నుంచే పాప సిప్ ఆపాలి లేదా క్రెడిట్ కార్డ్ గీకాలి. తొమ్మిది రోజుల ట్రిప్పుకి 36 నెలలు ఊపిరాడకుండా ఉండడం ఎందుకండీ.

ఎఫ్‌డీ ఎందుకు వద్దంటే, మీ ఇంటికి తప్పనిసరి ఖర్చు నెలకు 81 వేలు, ఆ రెండున్నర లక్షలు మూడు నెలలకే సరిపోతాయి, ఇద్దరిలో ఒకరి జాబ్ అటూ ఇటూ అయితే ఆ ఎఫ్‌డీయే దిక్కు. గాజుల మీద వడ్డీ తక్కువే పడొచ్చు కానీ ట్రిప్పు కోసం తాకట్టు పెట్టిన బంగారం విడిపించడానికి మళ్ళీ ఈ 8 వేలే కదా దారి.

ఇప్పుడు అసలు విషయం. మీ పర్సు తీసి కొత్త నోట్లు ఒక్కోటి వెనక్కి తిప్పి పిల్లల ముందు పెట్టండి. 10 నోటు మీద కోణార్క్ సూర్య దేవాలయం, ఒడిశా. 20 మీద ఎల్లోరా గుహలు, మహారాష్ట్ర. 50 మీద హంపి రాతి రథం, కర్ణాటక. ఊదా రంగు 100 మీద రాణీ కీ వావ్, గుజరాత్. పసుపు 200 మీద సాంచీ స్తూపం, మధ్యప్రదేశ్. 500 మీద ఢిల్లీ ఎర్రకోట. రోజూ కూరగాయలకి, ఆటోకి ఇచ్చే నోట్లే ఇవి, ఆరూ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నవే, అన్నీ కలిపినా 880 రూపాయలు. 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు అని మొత్తం మ్యాప్ ముందేసుకుంటే భయమేస్తుంది, ఈ ఆరు నోట్లయితే లెక్కకి అందుతాయి.

ఇంకో సంగతి, మీ దగ్గర టైమ్ ఎంతుందో చూసుకున్నారా? పాప టెన్త్‌లోకి వచ్చాక స్పెషల్ క్లాసులు, తర్వాత రెండేళ్ళు ఇంటర్, ఆ మూడేళ్ళు పెద్ద ట్రిప్ ఎవ్వరూ వెయ్యరు, మన హైదరాబాద్‌లో అయితే అసలు వెయ్యరు. అంటే మీకున్నది ఆరు నుంచి తొమ్మిదో క్లాస్ వరకు, నాలుగేళ్ళు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం.

మిగిలే 8 వేలల్లో 2 వేలు ఎఫ్‌డీ పెంచడానికి పక్కన పెట్టండి, 6 వేలు ట్రిప్పుల ఆర్‌డీ, అంటే నెలనెలా బ్యాంకులో వేసే రికరింగ్ డిపాజిట్. జూన్‌లో మొదలుపెట్టండి, మొదటిది ఆరు నెలలకే పెట్టుకోండి, డిసెంబర్‌లో చేతికొస్తుంది. సంక్రాంతి సెలవుల్లో హంపి. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హోస్పేట, అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లే, ఆటో మాట్లాడుకుని తిరగొచ్చు, ఎండలు ముదిరితే ఆ రాళ్ళ మధ్య పిల్లలు నిలబడలేరు కాబట్టి జనవరే కరెక్ట్. నలుగురికి మూడు రోజులు 25 వేలల్లో అయిపోతుంది.

ఏడో క్లాస్ దసరా సెలవుల్లో ఎల్లోరా, అజంతా, 30 వేలు పెట్టుకోండి. మన దగ్గర సాయంత్రం అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే ఔరంగాబాద్‌లో దిగుతారు, పేరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. అజంతాకి సోమవారం సెలవు, ఎల్లోరాకి మంగళవారం సెలవు, ఇది చూసుకోకుండా వెళ్ళి గేటు దగ్గర నుంచి తిరిగొచ్చిన ఫ్యామిలీలు నాకు తెలుసు, ఒక రోజు రూమ్ అద్దె, క్యాబ్ డబ్బులు దండగ. ఎల్లోరా నేను మా అమ్మాయిని తీసుకెళ్ళి చూపించా. పదహారో గుహ కైలాస ఆలయం ముందు నిలబడి 20 నోటు చేతిలో పట్టుకుని ఒకసారి నోటు, ఒకసారి గుడి చూస్తూ పది నిమిషాలు కదల్లేదు. రాళ్ళు పేర్చి కట్టింది కాదమ్మా, పైనుంచి కిందకి కొండని చెక్కుకుంటూ వచ్చి గుడిని బయటికి తీశారు, రాష్ట్రకూటుల కాలం, ఎనిమిదో శతాబ్దం అని చెప్తే, మరి మధ్యలో తప్పు చెక్కితే ఎలా నాన్నా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గోడ మీద ఉలి గాట్లు ఇంకా కనిపిస్తాయి, వాటి మీద వేలు పెట్టి చూసింది. ఆ ట్రిప్‌కి నేను ఒక్క రూపాయి అప్పు చెయ్యలేదు, అందుకే ఆ పది నిమిషాలు నేనూ మనశ్శాంతిగా నిలబడగలిగా.

అదే ఏడాది సంక్రాంతికి ఒడిశా, 45 వేలు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఖుర్దా రోడ్, భువనేశ్వర్ మీదుగానే పోతుంది. పూరీ, కోణార్క్, చిలికా మూడూ దగ్గర దగ్గరే. ఒడిశాకి అక్టోబర్‌లో పోవద్దు, తుపాన్ల టైమ్. చిలికాకి వలస పక్షులు వచ్చేది కూడా చలికాలంలోనే.

ఎనిమిదో క్లాస్ సంక్రాంతికి గుజరాత్, 70 వేలు. జనవరి 14న అహ్మదాబాద్‌లో ఉత్తరాయణ్, ఊరంతా మిద్దెల మీదే ఉంటుంది, మన దగ్గర పతంగులెగరేసే పిల్లలకి అది చూస్తే పిచ్చెక్కుతుంది. రూమ్‌ల రేట్లు ఆ రెండు రోజులు ఎక్కువుంటాయి కాబట్టి ముందే బుక్ చెయ్యండి. రాణీ కీ వావ్ ఉండేది పాటణ్‌లో, 11వ శతాబ్దంలో రాణి ఉదయమతి భర్త భీమదేవుడి గుర్తుగా కట్టించిన ఏడంతస్తుల మెట్ల బావి, సరస్వతి నది వరద మట్టిలో పూడిపోయి ఎన్నో వందల ఏళ్ళు కనిపించకుండా ఉంది. వెళ్ళేముందు ఒక ఆదివారం పిల్లలకి మన సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్ మెట్ల బావి చూపించండి, 2022లో బాగుచేసి తెరిచారు, మీకు దగ్గరే, మెట్ల బావి అంటే ఏంటో అర్థమైపోతుంది. కచ్ తెల్ల ఎడారికి వెళ్తే టెంట్ సిటీ ప్యాకేజీ తీసుకోకండి, భుజ్‌లో మామూలు హోటల్లో ఉండి క్యాబ్‌లో వెళ్ళి రండి, బడ్జెట్ నిలబడేది దీంతోనే.

తొమ్మిదో క్లాస్ దసరాకి సాంచీ, ఎర్రకోట ఒకే ట్రిప్‌లో, 80 వేలు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ భోపాల్ మీదుగా ఢిల్లీ పోతుంది, భోపాల్‌లో దిగి సాంచీ చూసి మళ్ళీ వేరే టికెట్‌తో ఢిల్లీ ఎక్కండి, రెండు నోట్లు ఒకే దెబ్బకి. ఎర్రకోటకి సోమవారం సెలవు.

మొత్తం 2,50,000. అప్పటికి 40 నెలలు 6 వేల చొప్పున 2,40,000 మీరే వేసుంటారు, పైన 10 వేలు దాదాపుగా ఆర్‌డీ వడ్డీలో వచ్చేస్తాయి. ప్రతి ట్రిప్ ముందు అప్పటిదాకా జమైన డబ్బు సరిపోతుందో లేదో కూడా లెక్కేసి చూశా, సరిపోతుంది, ఒడిశా దగ్గర, చివరి ఢిల్లీ ట్రిప్ దగ్గర కొంచెం టైట్. ఆ ప్యాకేజీకి తొమ్మిది రోజుల్లో అయ్యే ఖర్చు కంటే తక్కువలోనే ఆరు నోట్లూ చూసేస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆర్‌డీ మెచ్యూరిటీ డేట్‌ని ట్రిప్ డేట్‌కి పెట్టకండి, ట్రైన్ టికెట్లు ఓపెన్ అయ్యే డేట్‌కి పెట్టండి. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది, అంతకు ముందు 120 రోజులుండేది. దసరా, సంక్రాంతి టికెట్లు మన సికింద్రాబాద్‌లో ఓపెన్ అయిన రోజే అయిపోతాయి, ఆ రోజు చేతిలో డబ్బు లేకపోతే తత్కాల్‌కో ఫ్లైట్‌కో పోవాలి, బడ్జెట్ మొత్తం అక్కడే పోతుంది. కాబట్టి ప్రయాణానికి 70 రోజుల ముందు ఆర్‌డీ చేతికొచ్చేలా చూసుకోండి. పిల్లలకి బెర్త్ కావాలంటే 5 ఏళ్ళు దాటితే ఫుల్ టికెట్టే, హాఫ్ టికెట్ అంటే బెర్త్ ఇవ్వరు, బాబుకి సగం వేసుకుని లెక్క తప్పొద్దు. పురావస్తు శాఖ టికెట్లు మాత్రం చాలా తక్కువ, మనకి 40 రూపాయల దరిదాపు, 15 ఏళ్ళలోపు పిల్లలకి ఫ్రీ. అందుకే తొమ్మిదో క్లాస్ లోపు పూర్తిచెయ్యమంటున్నా.

మీ వారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణాలకి కంపెనీ ఇచ్చే భత్యం) ఉండి, పాత ట్యాక్స్ విధానంలో ఉంటే 2026 నుంచి 2029 వరకు ఒక బ్లాక్, అందులో రెండు ప్రయాణాలకి మినహాయింపు దొరుకుతుంది. ట్రైన్, ఫ్లైట్ చార్జీలకి మాత్రమే, హోటల్, తిండి, లోకల్ క్యాబ్ రావు. హంపికి వాడేసి వేస్ట్ చేసుకోకండి, చార్జీలు ఎక్కువుండే గుజరాత్, ఢిల్లీకి దాచండి, టికెట్లు ఒక కవర్లో పెట్టుకోండి. కొత్త విధానంలో ఉంటే ఇది వర్తించదు, దీని కోసమే పాతదానికి మారొద్దు, హోమ్ లోన్ వడ్డీతో కలిపి రెండూ పోల్చి చూసుకోవాలి.

మేఘాలయ వద్దనడం లేదమ్మా. బతికున్న చెట్టు వేళ్ళతో అల్లిన వంతెనలు, నోంగ్రియాట్‌లో రెండంతస్తుల వంతెనకి వేల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి, బాబుకి ఇప్పుడు కష్టం. అరుణాచల్‌కైతే ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటి రాష్ట్రాల వాళ్ళు అక్కడికి వెళ్ళడానికి ఇచ్చే అనుమతి, ముందే తీసుకోవాలి. పాప ఇంటర్ అయ్యాక అక్టోబర్ తర్వాత వెళ్ళండి. తొమ్మిదో క్లాస్ దసరా ట్రిప్ అయిన నెల నుంచే అదే 6 వేలు దాని పేరు మీద మొదలుపెడితే మూడేళ్ళలో 2 లక్షలు దాటుతుంది.

మీ వారి పే స్లిప్‌లో ఎల్‌టీఏ అని కాలమ్ ఉందా లేదా, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ కాకుండా సొంత పాలసీ ఏదైనా ఉందా, ఈ రెండు చూసి నాకు రాయండి. సొంత పాలసీ లేకపోతే ఆ 2 వేలు ముందు దానికే వెళ్ళాలి, ఎఫ్‌డీ తర్వాత.