మోటరు ఆడుతాంది సరే, చెట్టుకు నీళ్లు పడుతున్నాయా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లా, నాలుగెకరాల చీనీ తోట, డ్రిప్పు వేసి ఎనిమిదేళ్లయింది. మొబైల్ స్టార్టర్ పెట్టుకున్నా, మోటరు ఆన్ అయినట్టు రోజూ మెసేజ్ వస్తాంది, కానీ చివరి సాళ్లలో చెట్లు వాడుతున్నాయి. మా పిల్లోడు ఫోన్‌లో శాటిలైట్ బొమ్మ చూసి తోటంతా పచ్చగానే ఉంది నాయనా అంటాడు. ఏది నమ్మాల?

జవాబు: అన్నా, మీ కళ్లనే నమ్మండి. స్టార్టర్‌కు మోటరు సంగతే తెలుసు, చెట్టు మొదట్లో నీళ్లు పడేది దానికి తెలీదు. ఇక ఫ్రీగా దొరికే శాటిలైట్ బొమ్మలు ఎక్కువగా సెంటినెల్-2 అనే ఉపగ్రహానివి, అందులో ఒక్కో గడి 10 మీటర్లకు 10 మీటర్లు, మీ చెట్లు 6 మీటర్ల ఎడంలో ఉంటే ఒక గడిలో మూడు చెట్లదాకా, వాటి మధ్య గడ్డి అంతా కలిసిపోతుంది, వానకు గడ్డి లేచిందంటే చెట్టు వాడినా బొమ్మ పచ్చగానే ఉంటుంది. ఒక వాల్వు కింద ఎకరం మొత్తం ఎండితే పట్టిస్తుంది గానీ నాలుగు డ్రిప్పర్లు మూసుకుపోతే కనపడదు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్, వంటింట్లో డిజిటల్ కాటా, ఈ రెండూ చాలు. మోటరు వేసి ప్రెజర్ నిలకడయ్యాక మొదటి లేటరల్ (సాలు వెంట పోయే సన్న డ్రిప్పు పైపు), చివరిది, మధ్యలో రెండు తీసుకొని, ఒక్కోదాంట్లో మొదట, చివర, మధ్యలో రెండుచోట్ల, మొత్తం 16 డ్రిప్పర్ల కింద సరిగ్గా 3 నిమిషాలు డబ్బా పెట్టి తూకం వేయండి. డబ్బా బరువు తీసేయడం మర్చిపోకండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్‌కు 200 గ్రాములు రావాలి, 120, 130 వస్తుంటే చెట్టు దప్పికతో ఉన్నట్టే.

లేటరల్ పొడవునా తగ్గుతా పోతే ప్రెజర్ చాలట్లేదు, ముందు ఫిల్టర్ చూడండి, దానికి అటూ ఇటూ ఉండే ప్రెజర్ గేజుల్లో అర కేజీ కన్నా ఎక్కువ తేడా ఉంటే వెంటనే కడగాలి, లేటరల్ చివర మూతలు తీసి మురికి నీళ్లు పోనివ్వాలి. అక్కడొకటి ఇక్కడొకటి తగ్గితే మాత్రం డ్రిప్పర్ ఊడదీసి చూడండి, బియ్యప్పిండి అంటినట్టు తెల్లగా ఉంటే బోరు నీళ్ల సున్నం, దానికి యాసిడ్ ట్రీట్‌మెంట్, అంటే యాసిడ్ కలిపిన నీళ్లు పైపుల్లోకి పంపి సున్నం కరిగించడం, కావాలి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలన్నా, యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయొద్దు, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, మొదటిసారి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకొనే చేయండి.

ఆ 16 చోట్లా రంగు గుడ్డపీలిక కట్టి, తూకాలు ఫోన్‌లో డేటుతో రాసిపెట్టండి, ట్రీట్‌మెంట్ అయ్యాక అవే డ్రిప్పర్లకు మళ్లీ డబ్బా పెట్టండి, అప్పటికీ తూకం రాని డ్రిప్పర్లు మార్చేయడమే.