డాలస్‌లో స్టాప్ బోర్డు

ప్రశ్న: విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పన్నెండేళ్లు కారు నడిపాను. డాలస్ వచ్చాక స్టాప్ బోర్డు దగ్గర ఆగలేదని డ్రైవింగ్ టెస్టులో ఫెయిల్ చేశారు. రోడ్డు ఖాళీగానే ఉంది కదండీ, తప్పేంటి?
– ఓ పాఠకురాలు

జవాబు: నాకూ అదే జరిగిందమ్మా. వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి పోనిచ్చేశాను. అక్కడ తగ్గిస్తే చాలదు. ఎవరూ లేకపోయినా సరే, తెల్లగీత దాటకముందే చక్రం పూర్తిగా ఆగాలి. కారు ముందుకు ఊగి మన వీపు మళ్లీ సీటుకి తగులుతుంది చూడండి, అప్పుడు ఆగినట్టు. నాలుగువైపులా స్టాప్ ఉంటే ముందొచ్చినవాళ్లు ముందు వెళ్తారు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపువాళ్లకి దారివ్వాలి. మన దగ్గర బానెట్ ముందు దూర్చినవాడిదే దారి. ఆ అలవాటు వదలడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

హారన్ మనకి ‘వస్తున్నా’ అని చెప్పడం, అక్కడ తిట్టినట్టు.

అన్నిటికన్నా నాకు నచ్చింది పసుపు స్కూల్ బస్సు. అది ఎర్రలైట్లు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే కార్లూ ఆగిపోతాయి. పిల్లలు నింపాదిగా దాటుతారు.

టెన్షన్ పడకండి. లైసెన్సున్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, మీ వీధిలో ప్రతి స్టాప్ దగ్గరా మూడు లెక్కపెట్టి కదలండి.